కుక్క ఊరికే నాకదు

రాత్రి అన్నాలయ్యి, టీవీ కట్టేసి, లైట్లు ఆర్పాక ఇంట్లో ఒక చప్పుడు మిగులుతుంది. చప్, చప్, చప్. గుమ్మం దగ్గర పడుకున్న కుక్క ముందుకాలు పట్టుకుని నాకుతూనే ఉంటుంది. "ఏయ్, ఆపు" అంటే ఒక్క నిమిషం ఆగుతుంది, తల ఎత్తి చూస్తుంది, మళ్లీ మొదలు. హనుమకొండ అపార్ట్‌మెంట్లో లాబ్రడార్‌ను పెంచే ఇంట్లోనైనా, పరకాల వైపు పొలం కాపలాకు నాటు కుక్కను ఉంచుకున్న రైతింట్లోనైనా దీనికి పెట్టే పేరు ఒక్కటే: అలవాటు.

చిక్కంతా ఆ పేరుతోనే. అలవాటు అని తేల్చేశాక ఇక ఎవరూ కాలి వేళ్ల సందులు విప్పి చూడరు. పశువుల డాక్టర్లు ఇదే విషయాన్ని వేరే వరుసలో చూస్తారు. ముందు చర్మం, తర్వాత నొప్పి, తర్వాత కడుపు. వీటిలో ఏదీ లేదని తేలాకే మనసు సంగతి. డాక్టరు చివర్లో అనే మాటను ఇళ్లలో మొదటే అనేస్తాం. ఈలోగా చిన్న దురద కాస్తా నెలల తరబడి మానని పుండు అవుతుంది.

అలాగని నాకే ప్రతి కుక్కకూ జబ్బు ఉన్నట్టు కాదు. ఈనగానే తల్లి పిల్లల మీది మాయపొరను నాకి తీసేస్తుంది. మొదటి కొన్ని వారాలు తల్లి పొట్ట కింద నాకితే తప్ప పిల్లలకు మూత్రం, విరేచనం రావు. తోడేలు పిల్లలు వేట నుంచి వచ్చిన పెద్దవాటి మూతి నాకి తిండి కక్కించుకుంటాయి. ఆఫీసు నుంచి వచ్చిన యజమాని మొహం మీదికి కుక్క ఎగబడటం ఆ పాత గుణమే. కుక్కకు చనువిస్తే మూతి నాకిందన్న సామెత తిట్టులా వినిపిస్తుంది గానీ, కుక్క లెక్కలో అది పలకరింపు. తిన్నాక మూతి, బయట తిరిగొచ్చాక పాదాలు కాసేపు నాక్కోవడం కూడా మామూలే.

మామూలు ఎక్కడ దాటిందో పట్టుకోవడం పెద్ద కష్టం కాదు. నిద్రలోంచి లేచి మరీ నాకుతుంటే, పిలిచినా ఆటకు రాకుండా నాకుతుంటే, ఆ చోట వెంట్రుకలు పలచబడుతుంటే దాటినట్టే. తెల్ల వెంట్రుకల కుక్కల్లో, ముఖ్యంగా పొమెరేనియన్లలో, ఇంకో గుర్తు ఉంటుంది. పాదాలు తుప్పు రంగులోకి మారతాయి. మన వైపు దాన్ని ఎర్రమట్టి అనుకుని సబ్బు పెట్టి రుద్దేవాళ్లే ఎక్కువ. ఎంత రుద్దినా పోదు. ఉమ్మిలో ఉండే పోర్ఫిరిన్లు అనే పదార్థాల వల్ల పడిన మరక అది. మట్టయితే ఒక్క స్నానంతో పోయేది.

నాలుగు పాదాలా, ఒక్కటేనా

కారణం వెతకడానికి మొదటి ప్రశ్న ఇది. నాలుగు పాదాలనూ, లేదా రెండు ముందు పాదాలనూ నాకుతుంటే అలర్జీ వైపు చూడాలి. ఉన్నట్టుండి ఒక్క పాదాన్నే పట్టుకుంటే ముల్లు వైపు చూడాలి.

మనకు అలర్జీ అంటే తుమ్ములు, ముక్కు కారడం. కుక్కకు అదే అలర్జీ ఎక్కువగా చర్మం మీదికి వస్తుంది. పాదాలు, చంకలు, పొట్ట కింద, చెవుల లోపల, మూతి చుట్టూ దురద పుడుతుంది. గోక్కోవడానికి వీలైన చోట కాలితో గోక్కుంటుంది, వీల్లేని చోట నాలుకతో పని కానిస్తుంది. ఇంటి దుమ్ములో కంటికి కనిపించని మైట్లు అనే పురుగులు, పుప్పొడి, బూజు దీనికి ముఖ్య కారణాలు. సాధారణంగా ఆరు నెలల నుంచి మూడేళ్ల వయసు మధ్య మొదలవుతుంది. లాబ్రడార్లు, జర్మన్ షెపర్డ్‌లు, పగ్‌లలో ఎక్కువగా కనిపిస్తుంది.

ఇక్కడ డాక్టరు కన్నా యజమానే బాగా చెప్పగలిగిన సంగతి ఒకటుంది: ఏ నెలలో మొదలైంది. ఏడాదంతా ఒకేలా ఉంటే ఇంట్లోని దుమ్ము, లేదా తిండి. కొన్ని నెలలే వచ్చి పోతుంటే బయటి గడ్డి, పుప్పొడి. వానాకాలంలో ఖాళీ ప్లాట్లలో నడుము ఎత్తు పెరిగే వయ్యారిభామ మనుషులకు ఎంత దురద తెస్తుందో వరంగల్ శివారు కాలనీల వాళ్లకు చెప్పక్కర్లేదు. కుక్కను రోజూ అందులోంచే నడిపించి, ఇంటికొచ్చాక ఎందుకు నాకుతోందని అడగడం కొంచెం అన్యాయమే. గోదావరిఖని, భూపాలపల్లి వైపు బొగ్గు దుమ్ము, కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ పొడి, వరి కోతలప్పుడు రోడ్ల మీద వడ్ల పొట్టు కూడా పాదాలకు అంటుకుని వేళ్ల సందుల్లో రాపిడి పెడతాయి.

అలర్జీతో మొదలైన నాకుడు అలర్జీ దగ్గర ఆగదు. ఉమ్మితో ఎప్పుడూ తడిగా ఉండే వేళ్ల సందుల్లో మలసీజియా అనే ఈస్ట్, అంటే ఒక రకం శిలీంధ్రం, పెరుగుతుంది. ఇది చర్మం మీద కొద్దిగా ఎప్పుడూ ఉండేదే, తడి దొరికితే విజృంభిస్తుంది. సందులు ఎర్రబడి జిడ్డుగా మారతాయి, పులిసిన వాసన వస్తుంది. ఈస్ట్ వల్ల మళ్లీ దురద, దురద వల్ల మళ్లీ నాకుడు. ఇప్పుడు అసలు కారణం దుమ్మో పుప్పొడో తెలుసుకుని తీసేసినా నాకుడు ఆగదు, ఎందుకంటే మధ్యలో ఈస్ట్ చేరింది. డాక్టరు ఆ చోట టేపు అంటించి తీసి మైక్రోస్కోప్ కింద చూస్తే నిమిషాల్లో తెలిసిపోతుంది. క్లోర్‌హెక్సిడిన్, మైకొనజోల్ కలిసిన షాంపూ రాసి, పది నిమిషాలు ఉంచి, కడిగి, బాగా తుడవాలి. తుడవడమే సగం వైద్యం. మనం వాడే షాంపూ మాత్రం వద్దు. మన చర్మానికి కొంచెం ఆమ్ల గుణం ఉంటుంది, కుక్క చర్మం దాదాపు తటస్థంగా ఉంటుంది. మన కోసం చేసిన సబ్బులు దాన్ని ఎండగట్టి దురద పెంచుతాయి.

ఒక్క పాదమే అయితే టార్చి లైటు పట్టుకుని కూర్చోవాలి. పల్లేరు కాయ, తుమ్మ ముల్లు, ఉత్తరేణి గింజ, విరిగిన గోరు, గాజు పెంకు, ఏదైనా కావచ్చు. గడ్డి గింజ లోపలికి దిగితే పైన చిన్న బుడిపె మాత్రమే కనిపిస్తుంది, అది పగిలి రసి కారుతుంది, మూసుకుంటుంది, మళ్లీ పగులుతుంది. అలా రెండుసార్లు జరిగితే ఇంట్లో పిన్నీసుతో కెలకడం ఆపి దవాఖానకు తీసుకెళ్లాలి.

ఎండాకాలంలో కాళ్లు కాలడం ఇంకో కారణం. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటారు. రామగుండం, ఆదిలాబాద్ వైపు మే నెలలో 45 డిగ్రీలకు అటూ ఇటూ ఉన్నప్పుడు తారు రోడ్డు అంతకన్నా చాలా వేడిగా ఉంటుంది. అరచేతి వెనక భాగాన్ని రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించలేకపోతే కుక్క పాదాలూ ఆనలేవు. సాయంత్రం ఆరు దాటిందని బయల్దేరినా తారు ఇంకా చల్లారి ఉండదు, తెల్లవారుజామే మేలు.

పత్తి చేలున్న ఊళ్లలో మాత్రం పాదాల నాకుడును ఇంకో కంటితో చూడాలి. పురుగుమందు కొట్టిన చేనులో తిరిగొచ్చిన కుక్క కాళ్లు నాక్కుంటే ఆ మందు నేరుగా కడుపులోకి పోతుంది. మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులైతే నోటి నుంచి చొంగ ధారగా కారడం, కంటిపాప చిన్న చుక్కలా కుంచించుకుపోవడం, ఒళ్లు వణకడం, విరేచనాలు వస్తాయి. మూతి నాక్కుంటోందిలే అని కూర్చునే సమయం కాదది. ఒంటి మీది మందును నీళ్లతో కడిగి, చేతనైనంత త్వరగా డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. మందు డబ్బా కూడా వెంట తీసుకెళ్తే ఏ మందో చెప్పాల్సిన పని తప్పుతుంది. కడిగేవాళ్లు చేతులకు గ్లవ్స్ లేదా ప్లాస్టిక్ కవర్ తొడుక్కోవాలి.

తోక మొదట్లో, నడుము మీద పళ్లతో కొరుక్కుంటూ నాకుతుంటే ఫ్లీలు అనే, గెంతే చిన్న పురుగుల పని. వాటి ఉమ్మికి అలర్జీ ఉన్న కుక్కకు ఒకటి రెండు కుట్టినా చాలు, ఒళ్లంతా దురదే. పురుగు కనిపించలేదని లేదనుకోకూడదు. వెంట్రుకల్లోని నల్ల నలుసులు దువ్వి తడి దూది మీద వేసి చూస్తే తెలుస్తుంది. ఎర్రగా కరిగితే అది పురుగు విసర్జించిన రక్తం. పిడుదుల సంగతి వేరుగా చెప్పక్కర్లేదు, మన వైపు వాటిని చూడని కుక్క లేదు. చెవుల్లో, వేళ్ల మధ్య పట్టుకుంటాయి. తెలియాల్సిందల్లా ఇది: కుక్క మీద కనిపించేవి కొన్నే, మిగతావి గోడ పగుళ్లలో, మంచం కోళ్ల సందుల్లో గుడ్లు పెడుతుంటాయి. కుక్కకు మందు వేసి ఇంటిని వదిలేస్తే పదిహేను రోజుల్లో కథ మొదటికొస్తుంది. పైగా టిక్ ఫీవర్ తెచ్చేవి ఇవే. ఇప్పుడు నెలకోసారి, మూడు నెలలకోసారి వేసే మాత్రలు దొరుకుతున్నాయి, బరువును బట్టి డాక్టరు రాస్తారు.

కీలు, వెనక భాగం, నేల

ముసలి లాబ్రడార్ మోకాలి దగ్గరో తుంటి దగ్గరో నాకుతూ ఉంటే, పైన చర్మం బాగానే ఉంటే, లోపల కీలు నొప్పి కావచ్చు. మనం నొప్పి ఉన్న చోట చేత్తో రుద్దుకున్నట్టే. ఇక్కడ ఒక హెచ్చరిక గట్టిగానే చెప్పాలి. ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర కుక్కకు వేయకూడదు. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలు పాడు చేస్తాయి. పారాసెటమాల్ కూడా సొంతంగా ఇచ్చే మందు కాదు.

తోక కింద నాకుతూ, పిర్రలు నేలకేసి ఈడుస్తుంటే చాలాసార్లు మలద్వారం పక్కనున్న రెండు గ్రంథులు నిండాయని అర్థం. నులిపురుగులని మందు పోసి ఊరుకుంటారు చాలామంది. గ్రంథులు పిండి ఖాళీ చేస్తే సరిపోతుంది, డాక్టరుకు ఐదు నిమిషాల పని.

ఆడకుక్క ఎదకొచ్చినప్పుడు ఆ చోట నాక్కోవడం సహజం. ఎద అయిపోయిన కొన్ని వారాలకు నాకుతూ, నీళ్లు విపరీతంగా తాగుతూ, మందకొడిగా ఉంటే గర్భసంచిలో చీము పట్టిందేమో చూడాలి. బయటికి చీము కారకుండా లోపలే ఉండిపోయే రకం ఇంకా ప్రమాదం. ఆపరేషన్ ఆలస్యమైతే ప్రాణం పోతుంది. వీధి కుక్కలతో కలిసే కుక్కల్లో ఆడా మగా తేడా లేకుండా జననాంగం దగ్గర కాలీఫ్లవర్‌లా గడ్డ పెరిగి, రక్తం చుక్కలు పడటం కూడా మన దేశంలో తరచుగా కనిపిస్తుంది. జత కట్టినప్పుడు ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకునే కణితి అది. క్యాన్సర్ అనగానే భయపడతారు గానీ, చాలా కుక్కలకు విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్లతో నయమవుతుంది.

ఒళ్లు కాకుండా నేలను, గోడను, సోఫాను గంటల తరబడి నాకే కుక్కలు వేరే రకం. చాలాకాలం దీన్నీ మనసు జబ్బే అనుకున్నారు. కెనడాలో మాంట్రియల్ విశ్వవిద్యాలయం పశువైద్యులు అలాంటి 19 కుక్కల్ని పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించారు. 14 కుక్కలకు జీర్ణకోశంలో ఏదో ఒక లోపం బయటపడింది. దానికి వైద్యం చేస్తే సగానికి పైగా కుక్కల్లో నాకుడు తగ్గింది. వికారంగా ఉన్నప్పుడు మనకు నోట్లో నీళ్లూరినట్టే కుక్కకూ ఊరుతాయి. అది పెదాలు నాక్కుంటుంది, గడ్డి తింటుంది, దొరికిందల్లా నాకుతుంది. ఉదయం ఖాళీ కడుపున పసుపు నురగ కక్కే కుక్కకు రాత్రి పడుకునే ముందు కొంచెం తిండి పెట్టి చూడవచ్చు.

దావత్ మరుసటి రోజు మాత్రం కాస్త జాగ్రత్త. మిగిలిన మటన్ కొవ్వు, చికెన్ తోళ్లు, నూనె తేలే కూర కుక్క గిన్నెలో పోయడం మనకు ప్రేమే. ఆ కొవ్వుకు క్లోమం వాచి, కుక్క వీపు వంచి, పెదాలు నాక్కుంటూ, వాంతులు చేసుకునే ప్రమాదం ఉంది. కూరలోని ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తానికి చెడు చేస్తాయన్నది అదనం.

మనసు వంతు

ఇవన్నీ చూశాక మిగిలేవి కొన్ని ఉంటాయి. ముందుకాలి మణికట్టు పైన అండాకారంగా వెంట్రుకలు పోయి, చర్మం మందంగా గట్టిపడి, మధ్యలో పచ్చిగా కనిపించే పుండును డాక్టర్లు లిక్ గ్రాన్యులోమా అంటారు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్ లాంటి పెద్ద జాతుల్లో ఎక్కువ. చాలావరకు గేటుకు కట్టేసి ఉండే కుక్కలు, పొద్దున తాళం వేస్తే సాయంత్రం దాకా ఒంటరిగా ఉండే కుక్కలు. రెండేళ్లకోసారి మేడారం జాతరకు ఇల్లంతా కదిలిపోయి, పక్కింటివాళ్లు పూటకింత అన్నం పెడితే నాలుగు రోజులు గడిపిన కుక్క కాలు నాక్కోవడం మొదలుపెడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. గణేష్ నిమజ్జనం డీజేలు, దీపావళి పటాకులు కూడా దానికి టెన్షనే. నాకుతుంటే కాస్త హాయిగా ఉంటుంది, ఆ హాయి కోసమే మళ్లీ నాకుతుంది.

అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థకు చెందిన జూడిత్ రాపోపోర్ట్ బృందం 1992లో ఇలాంటి కుక్కల మీద ఆసక్తికరమైన పని చేసింది. పదే పదే చేతులు కడుక్కునే మనుషులకు ఇచ్చే క్లోమిప్రమిన్ మందును కుక్కలకు ఇచ్చి చూశారు. నాకుడు తగ్గింది. దాని దగ్గరి చుట్టమే అయినా సెరటోనిన్ అనే మెదడు రసాయనం మీద అంతగా పనిచేయని డెసిప్రమిన్‌తో తగ్గలేదు. అంటే కొన్ని కుక్కల్లో ఇది నిజంగా మెదడు రసాయనాల వ్యవహారమే. కానీ ఈ మాట వినగానే నేరుగా ఆ మాత్ర అడగడం తొందరపాటు. అలాంటి పుండు లోతుల్లో బ్యాక్టీరియా ఉంటుంది, దానికి వారాల తరబడి యాంటీబయోటిక్ కావాలి. మొదటి రాయి వేసింది అలర్జీయో, కీలు నొప్పో కూడా కావచ్చు. ఒకటి వదిలి ఇంకోదానికి వైద్యం చేస్తే పుండు మానినట్టే మాని తిరగబెడుతుంది.

ఇంట్లో చేయదగింది తక్కువేమీ కాదు. బయటి నుంచి రాగానే పాదాలు మామూలు నీళ్లతో కడిగి వేళ్ల మధ్య పొడిగా తుడవడం అన్నిటికన్నా చవకైన పని. మెడకు ప్లాస్టిక్ కోన్ వేస్తే పుండుకు తెరిపి దొరుకుతుంది. అయితే దురదకు మందు లేకుండా కోన్ ఒక్కటే వేయడమంటే దోమలు కుడుతుంటే చేతులు కట్టేయడం లాంటిదే. పొట్ట, వీపు మీద అయితే పాత టీషర్ట్ తొడిగినా సరిపోతుంది. కాలికి గట్టిగా కట్టు కట్టి మర్చిపోతే మాత్రం రక్తం ఆగి పాదం వాస్తుంది.

నాకినప్పుడల్లా అరవడం వల్ల లాభం లేదు, కొన్ని కుక్కలకు అదీ పలకరింపే. ముఖ్యంగా మనుషుల చేతులు, కాళ్లు వదలకుండా నాకే కుక్కల్లో. చెమట ఉప్పదనం ఒక ఆకర్షణ అయితే, నాకగానే మాట్లాడతారన్న ఆశ ఇంకోటి. మాట్లాడకుండా లేచి పక్కకు వెళ్లిపోవాలి, మానాక పిలిచి ముద్దు చేయాలి. ఒంటరిగా ఉండే కుక్కకు పాత టవల్ చుట్టి మడతల్లో తిండి పలుకులు దాచి ఇస్తే అరగంట ముక్కుతో వెతుక్కుంటుంది. నడకకు తీసుకెళ్లినప్పుడు గొలుసు లాగకుండా వాసన చూడనివ్వాలి. వాసన చూడటం కుక్కకు పేపరు చదవడం లాంటిది, దాన్ని మధ్యలో లాక్కుంటే ఎవరికైనా చిరాకే.

తిండి మీద అనుమానం ఉంటే ఎనిమిది వారాల ఓపిక కావాలి. పెరుగన్నం, చికెన్ మీద పెరిగిన కుక్కకు ఆ రెండూ పూర్తిగా ఆపి, అది ఇంతవరకు తినని ఒక్క మాంసమో చేపో, అన్నంతో డాక్టరు చెప్పిన లెక్కలో పెట్టాలి. మధ్యలో తాత గారు ప్రేమగా వేసిన ఒక్క బిస్కెట్టు చాలు, లెక్క మొదటికి రావడానికి. ఇళ్లలో ఈ పరీక్ష విఫలమయ్యేది ఎక్కువగా అక్కడే.

పుండు మీద పసుపు అద్దడం వల్ల పెద్ద నష్టం లేదు, కుక్క నాకేస్తుంది అంతే. కానీ మనుషుల స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్లు, డెట్టాల్, ఫినాయిల్, గజ్జికి పూసే వాడేసిన ఇంజన్ ఆయిల్ అలాంటివి కావు. పూసినవన్నీ నాలుక గుండా కడుపులోకే పోతాయి. మండల పశువుల దవాఖానలో తేలని కేసులకు వరంగల్ వైపు మామునూరులో, జగిత్యాల వైపు కోరుట్లలో పశువైద్య కళాశాలలున్నాయి. వెళ్లేటప్పుడు కుక్క నాకుతుండగా తీసిన ఒక నిమిషం వీడియో ఫోన్‌లో ఉంటే మంచిది. డాక్టరు ముందు నిలబడ్డ కుక్క భయంతో ఒక్కసారి కూడా నాకదు.

ఇక కుక్క మనల్ని నాకడం గురించి. కుక్క ఉమ్మికి కొన్ని సూక్ష్మజీవుల్ని చంపే గుణం కొంత ఉన్న మాట నిజమే, అందుకే నాకితే పుండు మానుతుందన్న నమ్మకం పుట్టి ఉంటుంది. మన పుండును మాత్రం నాకనివ్వకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో తెగని చర్మాన్ని కుక్క నాకితే రేబిస్ టీకా అవసరం లేదు. గాయం ఉన్న చర్మాన్ని నాకినా, ఉమ్మి కంట్లో నోట్లో పడినా అది కుక్క కాటుతో సమానమైన మూడో కేటగిరీ. ఆడుకుని వచ్చిన పిల్లవాడి మోకాలి దెబ్బను వీధి కుక్క నాకితే, కరవలేదు కదా అని ఊరుకోకుండా పదిహేను నిమిషాలు ధారగా నీళ్లు పోస్తూ సబ్బుతో కడగాలి. అదే రోజు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో, దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికో తీసుకెళ్లాలి. అక్కడ కుక్క కరిచిందా అని అడిగితే, లేదు, గాయాన్ని నాకింది అని స్పష్టంగా చెప్పాలి. టీకాతో పాటు గాయం దగ్గర ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ను వెంటనే అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా వేయాలా అన్నది ఆ మాట మీదే ఆధారపడి ఉంటుంది.